కారుకి నీళ్ళు పోశావా?

"కారుకి నీళ్ళు పోశావా?"

పొద్దున్నే మా ఇంట్లో వినపడే మొదటి మాట ఇది. మా ఆయన బాత్రూమ్‌లో పళ్ళు తోముకుంటూ అడుగుతాడు కాబట్టి సగం అక్షరాలు నురగలోనే కలిసిపోతాయి. అయినా నాకు అర్థమవుతుంది, ఇన్నేళ్ళుగా వింటున్నదే కదా. "ఆఁ, పోశాను" అంటాను. ఒక్కోరోజు పోసి అంటాను, ఒక్కోరోజు అనేసి వెళ్ళి పోస్తాను. అప్పటికి అత్తయ్య మంచం పక్కన గోరువెచ్చటి నీళ్ళూ మాత్రలూ పెట్టడం అయిపోయి ఉంటుంది. ఆయన సీసాలో చల్లటి నీళ్ళు సగం, మామూలు నీళ్ళు సగం పోసి బ్యాగు పక్క జేబులో పెట్టడం కూడా అయిపోయి ఉంటుంది. సీసా మూత వదులుగా ఉండి ఆఫీసు కాగితాలు తడిశాయని ఒకసారి పెద్ద రభస అయింది, అప్పట్నించి ఆ మూత రెండుసార్లు బిగిస్తాను. అందరికీ నీళ్ళు పట్టాక ఆకుపచ్చ మగ్గు పట్టుకుని బయటికెళ్ళి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తీసి కారుకి కూడా పడతాను. నేను నీళ్ళు తాగలేదన్న సంగతి మాత్రం డ్యూటీకి వెళ్ళాక ఏ పదింటికో గుర్తొస్తుంది.

ఆయన పొద్దున్న నన్ను అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. చెప్పేది కూడా ఒక్క మాటే. వీధి మలుపులో ఆఫీసు వ్యాను హారన్ వినపడగానే బ్యాగు భుజాన వేసుకుని, బూట్లలో కాళ్ళు దూర్చి, వెనక్కి తిరక్కుండా "తలుపేసుకో" అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటలో ఏదో జాగ్రత్త వినిపించేది నాకు. ఇంట్లో ఆడవాళ్ళున్నారు కదా అని కాబోలు అనుకునేదాన్ని. ఇంకో అరగంటలో నేను కూడా ఇదే తలుపు లాగి డ్యూటీకి పోవాల్సినదాన్నని ఆయనకు గుర్తే ఉండదని తర్వాత తెలిసింది. వెళ్ళేవాళ్ళు ఆ మాట అనేసి వెళ్తారు. వేసుకునేవాళ్ళు లేచి వచ్చి వేసుకుంటారు.

కారు ఆయన పేరు మీద ఉంది, తిప్పేది నేను. అత్తయ్యను కంటి డాక్టరు దగ్గరికీ మోకాళ్ళ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళడం, నెల సరుకులు తేవడం, ఆడపడుచు వస్తే స్టేషనుకి వెళ్ళి తీసుకురావడం, హాస్టల్లో చదువుకుంటున్న మా అమ్మాయిని సెలవులకి తీసుకొచ్చి దింపడం, ఇవన్నీ కారు పనులు, అంటే నా పనులు. ఆదివారం పూట మాత్రం అది ఆయన కారు. ఊళ్ళో తిరిగినంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. కొండదారి ఎక్కిస్తే మాత్రం రెండో మలుపు తిరిగేలోపే వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోతుంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తుంది.

ఒకసారి చుట్టాల పెళ్ళికి వెళ్తుంటే అలాగే ఆగింది. ఆయన సీట్లోంచి కదలకుండా, "దిగి మూత తీసి చూడు, నీళ్ళున్నాయో లేదో" అన్నాడు. గభాల్న తీశాను. మరుగుతున్న నీళ్ళు ఎగజిమ్మి మణికట్టు నుంచి మోచేతిదాకా కాలిపోయింది. "గుడ్డ పట్టుకుని తీయాలని తెలీదూ? ఇంత చదువుకున్నావు!" అన్నాడు. నిజానికి గుడ్డ పట్టుకుని కూడా తీయకూడదు, ఇంజన్ చల్లారేదాకా అసలు ముట్టుకోకూడదు. ఆ సంగతి అప్పుడు నాకూ తెలీదు, ఆయనకూ తెలీదు. కాని చెయ్యి కాలిందీ నాదే, తెలీనందుకు చివాట్లు తిన్నదీ నేనే. పెళ్ళిలో అందరూ నా చెయ్యి చూసి అయ్యో పాపం అంటుంటే, "మా ఆవిడకి అన్నింటికీ కంగారే" అని నలుగురినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. మచ్చ మండటం ఎప్పుడో మానేసింది గాని, ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తాలు తీయడం, పరీక్షించడం, మిషను మొరాయిస్తే కంపెనీవాళ్ళు వచ్చేదాకా దాని గొట్టాలు విప్పి కడిగి బిగించడం నా పని. రిపోర్టు కింద సంతకం మాత్రం ఇన్‌ఛార్జిది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు ఇన్‌ఛార్జిలయ్యారు. ఇప్పుడున్నతను చేరిన కొత్తలో స్లయిడు తలకిందులుగా పెట్టి ఏమీ కనపడట్లేదని బిక్కమొహం వేస్తే నేనే తిప్పిపెట్టాను. అతనే ఇప్పుడు, "మేడమ్, బయట్నించి డాక్టర్లొచ్చారు, కొంచెం టీ చెప్పి వస్తారా?" అంటాడు. మర్యాదగానే అంటాడు, మేడమ్ అనడం ఏనాడూ మానలేదు.

కొండ మీది ఊళ్ళో మా ఆసుపత్రివాళ్ళే ఇంకోటి తెరిచారు. అక్కడి ల్యాబ్ మొత్తం నన్ను చూసుకోమని మా పెద్ద డాక్టరమ్మ అడగడం ఇది రెండోసారి. మొదటిసారి అడిగిన రోజు సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చి చెప్పాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "ఎలా వెళ్తావు? ఆ వేళకి బస్సు లేదు. కారు చూస్తే కొండెక్కదు. మధ్యలో ఆగిపోతే ఒక్కదానివి ఏం చేస్తావు?" అన్నాడు. వద్దనలేదు. మా ఆయన దేనికీ వద్దనడు, అందుకే ఊరందరికీ ఆయన మంచివాడు. అడ్డం వచ్చేది ఎప్పుడూ కారో, అత్తయ్య మోకాళ్ళో, అమ్మాయి పరీక్షలో. ఆడపడుచు ఫోన్లో, "ఇప్పుడు పెత్తనం లేక వదినకేం తక్కువైందట?" అన్నది కూడా నా చెవిన పడింది. "పోనీ కారు బాగుచేయిద్దాం" అన్నాను. "చేయిద్దాంలే" అన్నాడు. అలా చేయిద్దాంలే చేయిద్దాంలే అంటుండగానే ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది.

ఆ చేరినతను మిషన్లయినా విప్పకుండానే మానేశాడు. డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగానే చెప్పింది. "సోమవారం పొద్దున్న నువ్వు అక్కడ కనపడితే పోస్టు నీది. లేదంటే మీ ఇన్‌ఛార్జి తమ్ముడు కాచుక్కూర్చున్నాడు, అతనికిచ్చేస్తాను. మూడోసారి అడగను, ఏమీ అనుకోకు."

ఆ సాయంత్రమే కారు మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పింది వినగానే, "థర్మోస్టాట్ పట్టేసుంటుంది మేడమ్" అన్నాడు. ఇంజన్ వేడెక్కగానే అది తెరుచుకుని, కాగిన నీళ్ళని చల్లారడానికి రేడియేటర్‌లోకి వదలాలట. తెరుచుకోకపోతే ఆ నీళ్ళు ఇంజన్‌లోనే తిరిగి తిరిగి మరిగిపోతాయట. "చిన్న పార్టే. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కూడా మార్చేస్తే కొండ కాదు, ఎక్కడికైనా పోవచ్చు."

"అయితే మార్చెయ్యండి."

"సార్‌తో ఒక్కమాట మాట్లాడతాను" అని ఫోన్ తీశాడు. నాకు వీపు చూపించి మాట్లాడి వచ్చాడు. "ఇప్పుడొద్దన్నారు మేడమ్ సార్. తీరిగ్గా తనే చూసుకుంటానన్నారు."

"నేను చెప్తున్నాను కదా?"

"మీ మాట కాదని కాదు మేడమ్. రేపు సార్ నన్నంటారు."

తాళాలు నా చేతిలో, డబ్బు నా పర్సులో, మనిషిని ఎదురుగా నిలబడి ఉన్నాను. వెనక్కి వచ్చేశాను. దారిపొడుగునా మనసులో ఒకటే అనుకున్నాను. ల్యాబ్‌లో వెంట్రుకంత గొట్టాలు విప్పి బిగించేదాన్ని, గుప్పెట్లో ఇమిడే పార్టుకి ఇంకొకరి అనుమతి అడగడమేమిటి?

శనివారం ఆయన పాత స్నేహితులతో కలిసి ఊరెళ్ళాడు, ఆదివారం సాయంత్రానికి గాని రాడు. నేను స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళాను. కౌంటర్‌లో పెద్దాయన నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసి, "సార్ రాలేదా అమ్మా?" అన్నాడు. "సార్‌కి కారు పని రాదండీ" అన్నాను. ఆ పెద్దాయన థర్మోస్టాట్, నీళ్ళు కారకుండా దాని కింద వేసే కొత్త గాస్కెట్, కూలెంట్ డబ్బా, కలుపుకోవడానికి డిస్టిల్డ్ వాటర్ ఇచ్చి, "కుళాయి నీళ్ళు పోయకండి, లోపలంతా తుప్పు పడుతుంది" అని మాత్రం చెప్పాడు. ఆ మాట నాకు చురుక్కుమంది. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే నేను పోసింది ఏమిటి?

ఆదివారం అత్తయ్యకి టిఫిన్, మాత్రలు ఇచ్చేసి, పాత చుడీదార్ వేసుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఫోన్లో చూసి చూసి ఏది ముందో ఏది తర్వాతో నోటికి వచ్చేసింది. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని నిర్ధారణ చేసుకున్నాకే మూత తీశాను. ఆ విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియేటర్ అడుగున బేసిను పెట్టి మర తిప్పితే పాత నీళ్ళు దిగడం మొదలుపెట్టాయి. కాషాయం రంగు, మధ్యమధ్య తుప్పు పెళ్ళలు. ఎక్కువకాలం కడగని మిషను గొట్టంలోంచి కూడా నేనింత మురికి చూడలేదు. అందులో ఏ కాస్త కూలెంట్ మిగిలినా తియ్యగా ఉందని పిల్లులు నాకి చస్తాయట, అందుకని బేసిను మీద అట్ట మూత వేసి గోడపక్కకి జరిపాను.

పై గొట్టం ఇంజన్‌ని కలిసేచోట రెండు బోల్టులున్న మూత ఉంది, థర్మోస్టాట్ దాని లోపల. ఒక బోల్టు సులువుగానే వచ్చింది. రెండోది ససేమిరా అంది. ఇంకొంచెం పొడుగుపాటి స్పానర్ కావాలని, స్టూలు వేసుకుని షెడ్డు అటక మీద చెయ్యి పెట్టాను. పాత రంగు డబ్బాల వెనక నుంచి స్పానర్‌కి బదులు ఒక అట్టపెట్టె చేతికొచ్చింది. నిన్న నేను కొన్న థర్మోస్టాట్ పెట్టెలాంటిదే. అదే కంపెనీ, అదే బొమ్మ. పక్కనే కూలెంట్ డబ్బా, సీలు కూడా తీయలేదు. రెండింటి మీదా దుమ్ము మందంగా పేరుకుంది.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. నాకు ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. పాపం, కొనుక్కొచ్చాడన్నమాట. తెచ్చి మర్చిపోయి ఉంటాడు. ఇన్నాళ్ళూ మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నాను! ఆయనకి ఫోన్ చేసి, పెట్టె దొరికిందని చెప్పి నవ్వుదామనుకున్నాను కూడా. చేతులకి మడ్డి ఉంది కాబట్టి చేయలేదు. మా ఆయన మీద జాలి పడటానికి నాకు ఇంత చిన్న సందు చాలు.

స్పానర్ వెనకాలే దొరికింది. మొండి బోల్టు కిర్రుమంటూ కదిలింది. లోపల థర్మోస్టాట్ తుప్పుతో గట్టిపడి, వేలితో నొక్కితే కదలకుండా ఉంది. అదే దోషి అని తేల్చుకోవాలి కదా, ఊరికే ఒకరి మీద నేరం మోపడం నాకు పనిలో అలవాటు లేదు. పాతదీ, నేను కొన్నదీ, ఆయన కొన్నదీ మూడింటికీ దారాలు కట్టి, వంటింట్లో ఒక పాత గిన్నెలో నీళ్ళు పోసి వేలాడదీశాను. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న థర్మామీటర్ కూడా దించి స్టవ్ వెలిగించాను.

అత్తయ్య గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. గిన్నెలోకి తొంగి చూసి, "ఏమ్మాయ్, ఇనపముక్కలు ఉడకేస్తున్నావేంటి? వాడింట్లో లేడని వంట కూడా మార్చేశావా?" అంది.

"కారుకండీ. ఏది బాగుందో చూస్తున్నాను."

"అది ఉడికితే నాక్కూడా కాస్త పెట్టు, ఈ పళ్ళతో నమల్తాను" అని నవ్వుతూ కుర్చీ లాక్కుంది. నీళ్ళు మరగకముందే రెండు కొత్తవీ, ఒకదాని వెంట ఒకటి, మెల్లగా నోళ్ళు తెరిచాయి. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో! పాతది మాత్రం నీళ్ళు తెర్లి గిన్నె పొంగుతున్నా చీమ దూరేంత సందు కూడా ఇవ్వలేదు. దాన్ని నాతో పోల్చుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునే తీరిక నాకు లేదు. దారం పట్టి పైకి తీశాను, అంతే.

అత్తయ్య గట్టు మీదున్న దుమ్ముపెట్టె చూసింది. "ఇంకా ఉందా అది?" అంది.

స్టవ్ కట్టేశాను. "మీకు తెలుసా అత్తయ్యా?"

ఆవిడ పెట్టె మీది దుమ్ముని వేలితో గీస్తూ కూర్చుంది. నేను కదలకుండా నిలబడ్డాను. ఎదురుచూడటం నాకు బాగా వచ్చిన విద్య.

"బాగుచేద్దామనే తెచ్చాడమ్మాయ్, అబద్ధం ఎందుకు చెప్పాలి. తెచ్చిన సాయంత్రమే నువ్వొచ్చి కొండ మీద ఉద్యోగమన్నావు. మర్నాడు నేనే అడిగాను, ఆ సామాను బిగించవేంరా అని. 'బిగిస్తే రేపే కొండెక్కుతానంటుందమ్మా. నీకు మాత్రలెవరిస్తారు, నాకు బాక్సెవరు కడతారు?' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"మీరేమన్నారు?"

"నేనూ నవ్వాను" అంది అత్తయ్య. నా మొహం చూడకుండా, "నువ్వు పొద్దుటే పోతే ఈ నాలుగ్గోడల మధ్య నా మొహం నేనే చూసుకోవాలి కదా అనిపించింది. నా సుఖం నేను చూసుకున్నాను" అంది.

నేను షెడ్డులోకి వచ్చి కారు పక్కన నేల మీద కూర్చున్నాను. కోపం వచ్చింది. దాన్ని బాధ అనో ఆవేదన అనో పెద్ద పేర్లు పెట్టి పిలవను, ఒట్టి కోపం. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని. కొట్టి ఉంటే నలుగురికీ చెప్పేదాన్ని. ఏమీ చేయలేదు ఆయన. ఒక పెట్టెని రంగు డబ్బాల వెనక పెట్టాడు, అంతే. పెట్టి, రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కారుకి నీళ్ళు పోశావా అని అడిగాడు. అంతకంటే కోపం ఇంకో సంగతికొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ కారు ఆగకుండా నడిచిందంటే నేను నీళ్ళు పోశాను కాబట్టి. నేను పోస్తున్నంతకాలం దాన్ని బాగుచేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నేను పోసిన నీళ్ళకే లోపల తుప్పు పట్టింది, ఆ తుప్పుకే అది ఇంకా బిగుసుకుపోయింది, బిగుసుకుపోయిన కొద్దీ నేను ఇంకాసిని నీళ్ళు పోశాను. ల్యాబ్‌లోనూ అంతే కదా. ఇన్‌ఛార్జి తప్పుగా చూసినవి నేను మళ్ళీ చూసి సరిచేసి పెడుతున్నంతకాలం అతను మంచి ఇన్‌ఛార్జే. ఇంట్లో ఎవరి మాత్ర ఏ వేళకో, ఎవరి సీసా మూత ఎంత గట్టిగా బిగించాలో నేను గుర్తుపెట్టుకుంటున్నంతకాలం ఇది సజావుగా సాగే ఇల్లే. అంత సజావుగా సాగేదాన్ని ఎవరు మాత్రం విప్పి చూస్తారు?

ఎంతసేపు కూర్చున్నానో. లేచి, పైపు పెట్టి తెల్లటి నీళ్ళు వచ్చేదాకా లోపల కడిగి, ఆ నీళ్ళన్నీ వంపేశాను. పాత గాస్కెట్ ముక్కలు బ్లేడుతో గీకి శుభ్రం చేశాను. చీకటిగా ఉండి లోపల సరిగ్గా కనపడలేదు. ఉన్నట్టుండి భుజం మీదుగా వెలుతురు పడింది. అత్తయ్య టార్చ్ పట్టుకుని నిలబడి ఉంది, మోకాళ్ళ నొప్పితో కొంచెం ఒరిగి. నేను కూర్చోమనలేదు. వద్దని కూడా అనలేదు.

రెండు పెట్టెలూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన తెచ్చిందీ బాగానే తెరుచుకుంది, కళ్ళారా చూశాను. అయినా నాది తీసుకున్నాను. స్ప్రింగు లోపలివైపు, చిన్న పిన్ను పైకి ఉండేలా కూర్చోబెట్టి, రెండు బోల్టులూ ఒకటి కాస్త, ఇంకొకటి కాస్త, సమంగా బిగించాను. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాను. మూత వేయకుండా ఇంజన్ స్టార్ట్ చేసి, లోపలి గాలి బుడగలుగా వస్తుంటే, మట్టం దిగినప్పుడల్లా ఇంకాస్త పోస్తూ నిలబడ్డాను. మాటిమాటికీ పై గొట్టం ముట్టుకుని చూస్తున్నాను. చల్లగానే ఉంది. ఇంకా చల్లగానే ఉంది. తప్పు చేశానేమో, తలకిందులుగా పెట్టానేమో అని అనుమానం వచ్చింది. అప్పుడు ఒక్కసారిగా అరచేతికి వేడి తగిలింది. లోపల అది తెరుచుకుంది. కాసేపటికి ఫ్యాను దానంతటదే తిరిగింది, ముల్లు మధ్యలో నిలబడిపోయింది. అక్కడ, ఆ మడ్డి చేతులతోనే, ఏడ్చాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తాళాలు తీసుకున్నాను. "కొండ దాకా వెళ్ళి చూసొస్తాను."

"నేనూ రానా?" అంది అత్తయ్య, గదిలోంచి.

రావద్దని నోటి చివరిదాకా వచ్చింది. తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిణ్ణి క్షమించానని కాదు. కారు కొండెక్కడం ఆవిడ తన కళ్ళతో చూడాలనిపించింది.

రెండో మలుపు దగ్గర ఇద్దరం ముల్లు వైపే చూశాం. కదల్లేదు. ఆ తర్వాత మలుపులు లెక్కపెట్టడం మానేశాను. పైన గాలి చల్లగా ఉంది. ఆసుపత్రి గేటు ముందు ఆపి, గాజుకిటికీల్లోంచి ఇంకా అట్టల్లోనే ఉన్న కొత్త మిషన్లు చూశాను. విప్పి, అమర్చి, నడిపించాల్సింది నేనే. కింద సంతకం కూడా నాదే.

తిరిగొస్తుంటే అత్తయ్యే మాటెత్తింది. "మాత్రలు నేను వేసుకోలేకా అమ్మాయ్? డబ్బా మూత తీసి పెట్టడం నీకలవాటైంది, తీయించుకోవడం నాకలవాటైంది."

"రేపట్నించి మీరే తీసుకోండి" అన్నాను. కటువుగానే అన్నాను. ఆవిడ తలూపింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి భోజనాల బల్ల మీద తుప్పుపట్టిన పాత పార్టూ, విప్పని ఆయన కూలెంట్ డబ్బా, దుమ్ము తుడవని ఆయన పెట్టె వరసగా పెట్టి ఉన్నాయి. చూశాడు. పెట్టె మీద చూపు ఒక్క క్షణం ఆగింది. వెంటనే నవ్వాడు, పెళ్ళిలో నవ్వించినప్పటి నవ్వే.

"ఓహో, మెకానిక్కువి కూడా అయ్యావా! నాతో ఒక్కమాటంటే నేనే బిగించేవాణ్ణిగా."

"ఎప్పుడు?" అన్నాను.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీసుకోకుండా మూసి, "అయితే ఇప్పుడేంటి, ఆ డొక్కు కారేసుకుని కొండెక్కుతానంటావా?" అన్నాడు.

"ఎక్కి వచ్చాం" అన్నాను. "అత్తయ్య కూడా వచ్చారు. రేపట్నించి రోజూ వెళ్తాను."

"మరి ఇల్లు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. కాని ఇంట్లో ముగ్గురం ఉన్నాం, జవాబు నేనొక్కదాన్నే ఎందుకు చెప్పాలి? బల్ల మీదున్న ఆయన పెట్టెనీ డబ్బానీ ఆయనవైపు జరిపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. గోళ్ళ సందుల్లో మడ్డి ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

సోమవారం మామూలుకంటే ముందే లేచాను. నాకు బాక్సు కట్టుకున్నాను. నా సీసాలో నీళ్ళు పట్టుకున్నాను. ఒక గ్లాసు నీళ్ళు నిలబడి, తొందర లేకుండా, పూర్తిగా తాగాను. అత్తయ్య వంటింట్లోకి వచ్చి మాత్రల డబ్బాతో కుస్తీ పడుతోంది. మూత ఊడి రెండు మాత్రలు దొర్లిపోయాయి. నా చెయ్యి ముందుకు వెళ్ళబోయింది, ఆపుకున్నాను. ఆవిడే మెల్లగా ఏరుకుంది.

"కారుకి నీళ్ళు పోశావా?" బాత్రూమ్‌లోంచి వినపడింది, నురగతో సహా.

"లేదు" అన్నాను.

కుళాయి చప్పుడు ఆగింది. ఆయన బ్రష్షు నోట్లో ఉండగానే బయటికొచ్చాడు. "పోయలేదా?"

"లేదు."

"మరి... నా సీసా?"

"లేదు."

ఆయన ఇంకేదో అడగబోయాడు, నురగ అడ్డమొచ్చింది. నేను బ్యాగు భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, తాళాలు తీసుకుని గడప దాటాను. వెనక్కి తిరక్కుండానే అన్నాను:

"తలుపేసుకోండి."